వసూలుకూ ఒక వేళ, ఒక చోటు ఉన్నాయి

అనకాపల్లి జిల్లా కలెక్టర్ గారికి,

విషయం: చోడవరం మండలం గోవాడ, చుట్టుపక్కల చెరకు గ్రామాల్లో అప్పుల వసూళ్లు, అప్పు తీసుకున్నవారి హక్కులు.

అప్పు ఇచ్చినవారికి తిరిగి అడిగే హక్కు ఉంది. తీసుకున్నవారికి తీర్చే బాధ్యత ఉంది. అడగడం వేరు, వేధించడం వేరు. ఎవరు అడగవచ్చు, ఏ వేళలో అడగవచ్చు, ఎక్కడ అడగవచ్చు, ఏ మాట అనకూడదు అన్నవాటికి రాతపూర్వకమైన నిబంధనలున్నాయి. అవి ఎక్కువగా ఇంగ్లిషు కాగితాల్లోనే ఉండిపోవడం వల్ల, వాయిదా కట్టలేని రోజున గుమ్మంలో తల దించుకుని నిలబడిన ఇల్లాలికి అక్కరకు రావడం లేదు. వాటిని వరుసగా, తెలుగులో, జిల్లా యంత్రాంగం ముందూ ప్రజల ముందూ ఉంచడం ఈ లేఖ ఉద్దేశం.

గోవాడ అనగానే గుర్తొచ్చేది చక్కెర ఫ్యాక్టరీ, అంటే చోడవరం సహకార చక్కెర కర్మాగారం. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా ఈ ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. చెరకు ఏడాది పంట. ముచ్చెలు, దుక్కి, ఎరువు, జడచుట్లు, నరుకుడు కూలి, బండి కిరాయి, ఇలా మదుపంతా ముందు పెట్టాలి. డబ్బు మాత్రం చెరకు ఫ్యాక్టరీకి తోలాకో, బెల్లం వండి అనకాపల్లి మార్కెట్టుకు చేర్చాకో వస్తుంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ రైతుకు సొమ్ము చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కలపాలి. ఈ ప్రాంతంలో తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార చక్కెర కర్మాగారాలు మూతపడ్డాయి. ఫ్యాక్టరీ ఆగినా, చెల్లింపు ఆలస్యమైనా రైతు అప్పు వాయిదా మాత్రం ఆగదు. రాబడి ఏడాదికి ఒకసారి వస్తుంటే వాయిదా వారానికో నెలకో వస్తుంది. చాలా ఇళ్లలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కౌలు రైతు పరిస్థితి ఇంకా కష్టం. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు దొరకనివారికి బ్యాంకు పంట రుణం అందడం కష్టమై, చేబదులుకో మైక్రో ఫైనాన్స్‌కో వెళ్లాల్సి వస్తుంది.

గుమ్మం ముందుకు వచ్చే వసూలుదారుల్లో మూడు రకాల వారుంటారు. మొదటివారు బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ సొంత సిబ్బంది. రెండోవారు ఆ సంస్థ తరఫున పనిచేసే రికవరీ ఏజెంట్లు. మూడోవారు నూటికి ఇన్ని రూపాయలని నెల వడ్డీకి ఇచ్చే ప్రైవేటు వ్యాపారి, అతని మనుషులు. మొదటి ఇద్దరి మీదా రిజర్వు బ్యాంకు నిబంధనలు పనిచేస్తాయి. ఏజెంటు తప్పు చేస్తే అది సంస్థ తప్పే అవుతుంది. ‘వాళ్లు మా మనుషులు కారు’ అని సంస్థ తప్పుకోలేదు. మూడో రకం మీద రాష్ట్ర చట్టాలు, క్రిమినల్ చట్టం పనిచేస్తాయి. అందువల్ల వచ్చినవారు ఎవరో తెలుసుకోవడమే అప్పు తీసుకున్నవారు చేయాల్సిన మొదటి పని. బ్యాంకు తరఫున వచ్చే ఏజెంటు దగ్గర గుర్తింపు కార్డు, ఫలానా ఖాతా వసూలుకు పంపినట్టు బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. ఏ ఏజెన్సీకి ఖాతా అప్పగించారో బ్యాంకు ఖాతాదారుకు ముందుగా తెలియజేయాలి. ఇవి 2008 నుంచి ఉన్న నిబంధనలు. కార్డు చూపమని అడగడం అమర్యాద కాదు, అది హక్కు.

మైక్రో ఫైనాన్స్ వసూలు నిబంధనలు ఊరికే రాలేదు. తెలుగు పల్లెల కన్నీళ్లలోంచి వచ్చాయి. 2006 మార్చిలో కృష్ణా జిల్లాలో బలవంతపు వసూళ్లు, అధిక వడ్డీల మీద ఫిర్యాదులు రావడంతో జిల్లా యంత్రాంగం రెండు పెద్ద మైక్రో ఫైనాన్స్ సంస్థల శాఖలను సుమారు 50 దాకా మూయించింది. నాలుగేళ్ల తర్వాత సమస్య రాష్ట్రమంతా రాజుకుంది. అప్పుల ఒత్తిడితో మహిళల ఆత్మహత్యల వార్తలు వచ్చాక, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అదే 2011 ఒకటో నంబరు చట్టమైంది. సంస్థలు జిల్లాలో నమోదు కావాలి, వడ్డీ అసలును మించి వసూలు చేయకూడదు, వారం వాయిదాలు కాకుండా నెల వాయిదాలే ఉండాలి, చెల్లింపులు పంచాయతీ కార్యాలయం లాంటి బహిరంగ స్థలంలోనే జరగాలి, బలవంతపు వసూలుకు మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా విధించవచ్చు అని ఆ చట్టం చెప్పింది. దానిలోని ముఖ్యమైన ఆలోచన చోటుకు సంబంధించినది. నలుగురూ చూసే చోట డబ్బు చేతులు మారితే నోరు అదుపులో ఉంటుంది. ఇంటి గడప దగ్గర, మగవారు పొలానికో కూలికో వెళ్లిన వేళ అయితే ఆ అదుపు ఉండదు.

ఆ చట్టం తర్వాత వేధింపులతో పాటు చెల్లింపులూ దాదాపు ఆగిపోయాయి. సంస్థలు కొత్త అప్పులు ఆపేశాయి. తీర్చగలిగినవారు కూడా తీర్చకపోవడంతో రుణ చరిత్ర దెబ్బతిని, తర్వాత అప్పు పుట్టక ఇబ్బంది పడ్డవారున్నారు. వసూలు పద్ధతిని సరిదిద్దాలి గానీ, వసూలునే ఆపితే నష్టం చివరకు పేదవారికే చేరుతుందని ఆ అనుభవం నేర్పింది. రిజర్వు బ్యాంకు వై.హెచ్. మాలెగాం కమిటీని వేసి, 2011 డిసెంబరులో మైక్రో ఫైనాన్స్ సంస్థలను ప్రత్యేక తరగతిగా గుర్తించింది. 2022 మేలో సుప్రీంకోర్టు కేరళ కేసులో, రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఫైనాన్స్ సంస్థలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని తీర్పు చెప్పింది. 2011 చట్టం కూడా అలాంటి సంస్థలకు వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తేల్చింది. అందువల్ల ఇప్పుడు ఈ సంస్థల విషయంలో పల్లె చేతిలోని ప్రధాన ఆయుధం రిజర్వు బ్యాంకు నిబంధనలే.

ఆ నిబంధనల్లో ముఖ్యమైనవి 2022 మార్చి 14న వెలువడి ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడాదికి 3 లక్షల రూపాయల దాకా ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పును మైక్రో ఫైనాన్స్ అప్పు అంటారు. ఆ కుటుంబం కట్టే అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. వడ్డీ, రుసుములు, మొత్తం ఖర్చు ఒకే కాగితంలో రాసి ఇవ్వాలి. రుణ కార్డు అప్పు తీసుకున్నవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అప్పును ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఆలస్యానికి వేసే జరిమానా ఆగిన వాయిదా మీదే గానీ మొత్తం అప్పు మీద కాదు. వాయిదాలు వారానికా, పదిహేను రోజులకా, నెలకా అన్నది అప్పు తీసుకున్నవారి అవసరానికి తగ్గట్టు సడలించే విధానం ప్రతి సంస్థకూ ఉండాలి. చెరకు మీద బతికే కుటుంబం ఈ ఒక్క నిబంధన తెలుసుకుని, సంతకం పెట్టేముందే నెల వాయిదా అడిగితే చాలా చిక్కులు తప్పుతాయి.

మైక్రో ఫైనాన్స్ వసూలు ఇద్దరూ అనుకున్న నిర్ణీత స్థలంలోనే జరగాలి. వరుసగా రెండుసార్లో అంతకు మించో ఆ స్థలానికి రాకపోతేనే సిబ్బంది ఇంటికో పనిచేసే చోటుకో వెళ్లాలి. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. పదేపదే ఫోన్లు చేయడం, తిట్టడం, బెదిరించడం, చుట్టాలనూ స్నేహితులనూ తోటి పనివారినీ వేధించడం, బాకీదారు పేరు బయటపెట్టడం, కొట్టడం, కొడతాననడం, అప్పు కట్టకపోతే ఏమవుతుందో అబద్ధం చెప్పి భయపెట్టడం అన్నీ నిషిద్ధాలే. మిగతా బ్యాంకు అప్పుల వసూలుకు ఏజెంట్లు ఫోన్ చేయాల్సిన వేళ ఉదయం 8 నుంచి రాత్రి 7 దాకా అని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న చెప్పింది. రాత్రి తొమ్మిదింటికి ఇంటి అరుగు మీద కూర్చుని ‘డబ్బిచ్చేదాకా కదలం’ అనే మనిషి, అప్పు నిజమే అయినా, నిబంధన దాటినట్టే.

అప్పు ఎవరిది అన్నది కూడా స్పష్టంగా ఉండాలి. అప్పు పత్రం మీద సంతకం లేని అత్తగారూ కోడలూ మరిదీ ఆ బాకీకి బాధ్యులు కారు. హామీ సంతకం పెట్టినవారు మాత్రం అప్పు తీసుకున్నవారితో సమానంగా బాధ్యులు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను చెప్పేది అదే. కాబట్టి మొహమాటానికి జామీను సంతకం పెట్టడం ప్రమాదం. చనిపోయినవారి అప్పుకు వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు. తండ్రి సెంటు భూమి కూడా మిగల్చకపోతే, కొడుకు కష్టార్జితం మీదకు ఆ బాకీ రాదు. గ్రూపు అప్పుల్లో ఒకరి వాయిదా మిగతావారు కట్టాలన్న షరతు ఉంటే దాన్ని ముందే చదివి వినిపించమని అడగాలి. అయితే ఆ షరతు ఉన్నా, కట్టలేని ఇల్లాలి గిన్నెలూ గేదె పట్టుకుపోయే అధికారం గ్రూపు సభ్యులకూ లేదు, ఫైనాన్స్ సిబ్బందికీ లేదు.

ఆస్తి జప్తు కోర్టు ద్వారానో, చట్టం స్పష్టంగా అధికారమిచ్చిన పద్ధతిలోనో జరగాలి. కోర్టు డిక్రీ వచ్చాక కూడా అన్నీ జప్తుకు వీలుకావు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు పరుపులు, వృత్తిదారుల పనిముట్లు, సేద్యానికి కావలసిన పనిముట్లూ పశువులూ విత్తనాలూ, రైతు లేదా కూలీ నివసించే సొంత ఇల్లు జప్తు నుంచి మినహాయింపు పొందుతాయి. ఇల్లు తనఖా పెట్టి ఉంటే మాత్రం ఈ మినహాయింపు కాపాడదు. ఆస్తి తనఖా అప్పుల్లో బ్యాంకులు వాడే సర్ఫేసీ చట్టం 2002లో వచ్చింది. దాని కింద 60 రోజుల నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలు చెబితే 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీన చర్య మీద 45 రోజుల్లో విశాఖపట్నంలోని రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. అయితే కాగితాల్లోనే కాక నేల మీద కూడా అది సాగుభూమి అయి ఉండాలి. స్వాధీనానికి సాయం కోరుతూ బ్యాంకులు 14వ సెక్షను కింద జిల్లా మేజిస్ట్రేటు అయిన కలెక్టరు ముందుకు రావచ్చు. ఆ దస్త్రం సంతకానికి వచ్చినప్పుడు అది సాగుభూమా కాదా అని అడిగే ఒక్క ప్రశ్న ఒక కుటుంబాన్ని నిలబెట్టగలదు.

ట్రాక్టరు, ఆటో, బైకు అప్పుల్లో కట్టకపోతే బండి వెనక్కు తీసుకునే షరతు ఒప్పందంలో ఉంటుంది. ఆ షరతుతో పాటు ముందస్తు నోటీసు ఎన్నాళ్లు, ఏ పరిస్థితిలో నోటీసు అక్కర్లేదు, అమ్మేముందు కట్టుకోడానికి చివరి అవకాశం ఎలా అన్నది కూడా ఒప్పందంలో ఉండాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. నడిరోడ్డు మీద తాళం లాక్కోవడం, పొలంలోంచి బలవంతంగా తోలుకుపోవడం ఆ పద్ధతి కాదు. అప్పులు వసూలు చేయడానికి బ్యాంకులు కండబలం ఉన్నవారిని పంపడం చట్టబద్ధ పాలనకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2007లోనే ఒక ప్రైవేటు బ్యాంకు కేసులో గట్టిగా చెప్పింది.

గుమ్మం దగ్గర ఎక్కువగా వినిపించే బెదిరింపు జైలు. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. అప్పు వసూలు చేసిపెట్టడం పోలీసుల పని కాదు. కోర్టు డిక్రీ అమలులో సివిల్ జైలు అన్నది ఉన్నా, స్తోమత ఉండి ఎగ్గొట్టేవారికే అది వర్తిస్తుందనీ, నిజంగా లేనివారిని పేదరికం కారణంగా జైల్లో పెట్టకూడదనీ జాలీ జార్జ్ వర్గీస్ కేసులో 1980లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు రాసినవారు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. డబ్బు బాకీ డిక్రీ అమలులో మహిళలను అరెస్టు చేయడానికే వీల్లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షను చెబుతుంది. అయితే చెక్కు విషయం వేరు. ఇచ్చిన చెక్కు చెల్లకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడవచ్చు. బ్యాంకు నుంచి చెక్కు తిరిగొచ్చిన కబురు అందిన 30 రోజుల్లో చెక్కు తీసుకున్నవారు నోటీసు ఇవ్వాలి, నోటీసు అందిన 15 రోజుల్లో సొమ్ము కడితే కేసు ఉండదు. అందుకే ఖాళీ చెక్కులు, ఖాళీ ప్రోనోట్ల మీద సంతకం పెట్టడం మెడకు తాడు తగిలించుకోవడమే.

ప్రోనోటుకు గడువు మూడేళ్లు. మూడేళ్లలో దావా వేయకపోతే కోర్టు ద్వారా వసూలు చేసే హక్కు పోతుంది. కానీ గడువు లోపల బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టినా, కొంత సొమ్ము చెల్లు వేసి రాసిచ్చినా గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. అప్పు పూర్తిగా తీరాక నోటూ చెక్కూ వెనక్కు తీసుకోవాలి. బ్యాంకు, ఫైనాన్స్ సంస్థలైతే అప్పు తీరిన 30 రోజుల్లో ఆస్తి కాగితాలు తిరిగివ్వాలి. తమ తప్పు వల్ల ఆలస్యం చేస్తే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. కోర్టు సమన్లు వస్తే మాత్రం దాక్కోకూడదు. హాజరు కాకపోతే ఏకపక్షంగా డిక్రీ వస్తుంది. హాజరైతే వడ్డీ లెక్క ప్రశ్నించవచ్చు, వాయిదాల్లో తీర్చుకునే అవకాశం ఇమ్మని న్యాయమూర్తిని కోరవచ్చు.

ఇప్పుడు వసూలుదారుడు గుమ్మం దాకా రానక్కర్లేదు, జేబులోని ఫోన్లోంచే వస్తున్నాడు. 2020 డిసెంబరులో హైదరాబాదులో రుణ యాప్‌ల వేధింపులు, ఆత్మహత్యలు బయటపడ్డాయి. ఫోన్లోని నంబర్లన్నీ లాగి చుట్టపక్కాలకు సందేశాలు పంపడం, ఫొటోలు మార్చి పరువు తీయడం వారి పద్ధతి. 2022 సెప్టెంబరులో వచ్చి 2025 మేలో మరింత పదును పెట్టిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, రుణ యాప్ ఫోన్లోని ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్టులు, కాల్ జాబితా ముట్టుకోకూడదు. అప్పు సొమ్ము గుర్తింపు ఉన్న సంస్థ నుంచి నేరుగా ఖాతాదారు ఖాతాలోకే రావాలి. 2025 జులై 1 నుంచి గుర్తింపు సంస్థల యాప్‌ల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్లో ఉంది. ఆ జాబితాలో లేని యాప్‌ను ఫోన్లోకి రానివ్వకపోవడమే మేలు. ఇప్పటికే చిక్కుకున్నవారు సందేశాలు చెరపకుండా భద్రపరిచి 1930కి ఫోన్ చేయాలి.

ప్రైవేటు వడ్డీ వ్యాపారం పాతదే. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం, ఐదంటే 60 శాతం. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ దందా, చేబదులు అప్పు మహిళల మానాన్ని ఎలా తాకట్టు అడిగిందో రాష్ట్రమంతటికీ చూపించింది. భారతీయ న్యాయ సంహిత కింద బెదిరింపు 351వ సెక్షను నేరం, బలవంతపు వసూలు 308వ సెక్షను నేరం, ఆత్మహత్యకు ప్రేరేపిస్తే 108వ సెక్షను నేరం. అప్పు ఇచ్చినందువల్ల ఈ సెక్షన్ల నుంచి ఎవరికీ మినహాయింపు లేదు.

వేధింపు జరిగినప్పుడు చేయాల్సింది వరుసగా ఉంది. వచ్చినవారి పేరు, సంస్థ, తేదీ, వేళ, అన్న మాటలు కాగితం మీద రాసిపెట్టాలి. ఫోన్ మాటలు రికార్డు చేసి ఉంచుకోవాలి. మొదట ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. వసూలు మీద ఫిర్యాదు తేలేదాకా బ్యాంకు ఆ ఖాతాను ఏజెంట్లకు అప్పగించకూడదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ పోర్టల్ ద్వారానో, చండీగఢ్ కేంద్రానికి ఉత్తరం ద్వారానో వెళ్లాలి. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. సందేహాలకు 14448 నంబరు ఉంది. గుర్తింపు లేని సంస్థల మీద సచేత్ పోర్టల్లో ఫిర్యాదు చేయవచ్చు. దెబ్బలు, బెదిరింపులు, ఆడవారితో అసభ్యత ఉంటే 30 రోజులు ఆగనక్కర్లేదు, నేరుగా పోలీసు స్టేషనుకే వెళ్లాలి. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం దొరుకుతుంది. దాని నంబరు 15100. మనసు కుంగినవారికి టెలీ మానస్ 14416లో రాత్రీపగలూ మనిషి మాట దొరుకుతుంది. ఏ అప్పూ ప్రాణం కన్నా పెద్దది కాదు.

ఈ హక్కులన్నీ బాధ్యతతో ముడిపడినవే. ఆదాయం ఎంతో దాచకుండా చెప్పడం, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయకపోవడం, వాయిదా తప్పేలా ఉంటే ముందుగానే సంస్థకు చెప్పి గడువు కోరడం అప్పు తీసుకున్నవారి పని. తుపానుకో కరువుకో పంట పోయినప్పుడు పంట రుణాల గడువు మార్చే ఏర్పాటు బ్యాంకుల్లో ఉంది. దాన్ని కదిలించే చోటు జిల్లా సంప్రదింపుల కమిటీ, దాని అధ్యక్షులు కలెక్టరే.

జిల్లా యంత్రాంగం చేయగలిగినవి నాలుగున్నాయి. ఆ కమిటీ ప్రతి సమావేశంలో మైక్రో ఫైనాన్స్ సంస్థలను కూడా కూర్చోబెట్టి, వసూలు ఫిర్యాదులను ఒక అంశంగా చర్చించడం మొదటిది. ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద వసూలు వేళలు, నిషిద్ధ చర్యలు, ఫిర్యాదు నంబర్లు పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించడం రెండోది. సోమవారం ప్రజా ఫిర్యాదుల వేదికలో అప్పుల వేధింపు అర్జీలను విడిగా నమోదు చేసి, న్యాయ సేవల సంస్థకూ లీడ్ బ్యాంకుకూ ఒకేసారి పంపడం మూడోది. చెరకు సొమ్ము ఆలస్యమైన సీజన్లో 14 రోజుల గడువు, 15 శాతం వడ్డీ రైతుకు అందేలా చూసి, ఆ రైతు బ్యాంకు వాయిదాకు కూడా అంతే గడువు ఇప్పించడం నాలుగోది. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న నిబంధన ఊరి గోడ మీదకు ఎక్కితే, రేపు గుమ్మంలో నిలబడే ఇల్లాలు తల ఎత్తి ‘మీ కార్డు చూపించండి, వేళ ఎంతయిందో చూడండి’ అని అడగగలుగుతుంది.

ఇట్లు,
గోవాడ, చోడవరం మండలం, అనకాపల్లి జిల్లా నుంచి